మృతుల కొరకు ప్రార్థన, పునీతులను వేడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కతోలిక కుటుంబాలూ బాప్టిస్టు కుటుంబాలూ ఒకే వీధిలో కాపురముండటం, పిల్లనిచ్చి పుచ్చుకోవడం కొత్త సంగతి కాదు. 1878 జూలై 3న ఒంగోలు సమీపంలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ ముద్ర ఈ ప్రాంతం మీద నేటికీ ఉంది. 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనం (బిషప్పు పాలనలోని ప్రాంతం) కింద కతోలిక విచారణలు (పారిష్‌లు) కూడా ఇవే ఊళ్ళలో పెరిగాయి. ఎవరైనా కన్నుమూస్తే ఈ రెండు సంప్రదాయాలవారూ, వారితోపాటు హిందూ బంధువులూ ఒకే షామియానా కింద కూర్చుంటారు. అందుకే ప్రతి మరణంతోనూ, సమాధుల పండుగ వచ్చే ప్రతి నవంబరులోనూ, మృతుల కొరకు ప్రార్థించవచ్చా, పునీతులను (సెయింట్లను) వేడుకోవచ్చా అన్న అవే సందేహాలు తిరిగి వస్తున్నాయి. వాటికి కతోలిక శ్రీసభ (చర్చి) బోధన ప్రకారం జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## మొదట కలిగే సందేహాలు

చనిపోగానే తీర్పు అయిపోతుంది కదా, ఇక ప్రార్థించి ఏం లాభం?

మనిషికి మరణం ఒక్కసారే, ఆ తర్వాత తీర్పు అని హెబ్రీయులకు వ్రాసిన లేఖ (9:27) చెప్పిన మాటను శ్రీసభ యథాతథంగా అంగీకరిస్తుంది. మన ప్రార్థన ఆ తీర్పును మార్చదు, దేవుణ్ణి చివరిదాకా కాదన్నవారిని మోక్షంలోకి చేర్చదు. అయితే దేవుని స్నేహంలో కన్నుమూసినవారిలో అందరూ ఆయన ఎదుట నిలిచేంత నిర్మలంగా ఉండరు. క్షమాపణ పొందినా, చేసిన తప్పు మనసులో మిగిల్చిన వంకరతనం, తీర్చని బాకీ, వదలని మమకారం ఉంటాయి. అటువంటివారికి రక్షణ నిశ్చయమే గాని శుద్ధి ఇంకా కావాలి. ఆ శుద్ధి స్థితినే ఉత్తరించు స్థలం అంటారు. మన ప్రార్థన తోడ్పడేది ఆ శుద్ధిలో ఉన్నవారికి. పోయినవారిలో ఎవరి స్థితి ఏమిటో మనకు తెలియదు కనుక, శ్రీసభ ఎవరినీ నరకంలో ఉన్నారని ప్రకటించకుండా అందరి కొరకూ ప్రార్థిస్తుంది.

ఉత్తరించు స్థలం అంటే చిన్నపాటి నరకమా? అక్కడ ఎన్నేళ్ళు ఉండాలి?

నరకం కాదు, దాని తమ్ముడూ కాదు. ఉత్తరించు స్థలంలో ఉన్న ప్రతి ఆత్మ మోక్షానికి చేరేదే. ఆ విషయంలో అనుమానమే లేదు. అక్కడి వేదన గురించి పాత పటాల్లో మంటలు, గొలుసులు చిత్రించారు గాని, విశ్వాస సత్యంగా శ్రీసభ ప్రకటించినవి రెండే: అలాంటి శుద్ధి ఉంది, అందులో ఉన్నవారికి మన ప్రార్థనలు, ముఖ్యంగా దివ్యపూజ (మాస్), సహాయపడతాయి. 1439లో ఫ్లోరెన్సు మహాసభ, 1563లో ట్రెంటు మహాసభ చెప్పినది ఇదే. ట్రెంటు మహాసభ మరొక అడుగు ముందుకు వేసి, ప్రజల భక్తికి ఉపయోగపడని సూక్ష్మ చర్చలను ప్రసంగాల్లో తేవద్దనీ, ఈ విషయంలో మూఢనమ్మకాలనూ నీచమైన ధనాశనూ నిషేధించాలనీ మేత్రాణులను (బిషప్పులను) ఆదేశించింది. ఆ ఆదేశాన్ని ఇప్పటికీ బోధకులందరూ ఏడాదికోసారి చదువుకుంటే మంచిదని మా అభిప్రాయం.

ఎన్నేళ్ళు అన్న ప్రశ్నకు అంకె లేదు. పాత ప్రార్థన పుస్తకాల్లో ఒక జపం చివర '300 దినాలు' అని ఉండటం చూసి చాలామంది అది ఉత్తరించు స్థలంలో తగ్గే శిక్షాకాలమని భావిస్తారు. నిజానికి అది తొలినాళ్ళ శ్రీసభలో పాపులు బహిరంగంగా చేసిన ప్రాయశ్చిత్త దినాలతో పోల్చిన లెక్క. ఆ అపార్థానికి తావు లేకుండా 1967లో ఆరవ పౌలు పోపుగారు దినాల లెక్కనే తీసివేశారు. శుద్ధిచేసే అగ్ని క్రీస్తు ప్రభువేనని, ఆయన చూపును ఎదుర్కొనే ఘడియలో మనలోని అసత్యమంతా కరిగిపోతుందని కొందరు వేదాంతులు చెప్పే వివరణను 2007లో పదహారవ బెనెడిక్టు పోపుగారు ఆదరంతో ప్రస్తావించారు. ఆ ఘడియను ఈ లోకపు గడియారంతో కొలవలేమని కూడా ఆయన అన్నారు.

ఇది బైబిలులో ఎక్కడుంది? మా ఇంట్లో ఉన్న బైబిలులో మక్కబీయుల గ్రంథమే లేదు.

మీ ఇంట్లో ఉన్నది 66 గ్రంథాల బైబిలు అయి ఉంటుంది. కతోలిక బైబిలులో 73 గ్రంథాలు. తోబీతు, యూదితు, జ్ఞానగ్రంథం, సీరా, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు అదనంగా కనిపిస్తాయి. వీటిని కతోలికులు తరువాత చేర్చారన్న మాట తరచుగా వినిపిస్తుంది గాని, 393లో హిప్పోలోనూ 397లో కార్తేజులోనూ జరిగిన సభల జాబితాల్లోనే ఇవి ఉన్నాయి. ట్రెంటు మహాసభ 1546లో చేసినది ఆ జాబితాను ధ్రువీకరించడమే.

మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో, యుద్ధంలో చనిపోయిన తన సైనికులను పూడ్చబోతూ, వారి అంగీల కింద విగ్రహాల తాయెత్తులను యూదుల సేనాని యూదా మక్కబీ చూశాడు. అది ధర్మశాస్త్రం నిషేధించిన పని. అతడు వారిని శపించలేదు, విడిచిపెట్టనూ లేదు. సైనికుల దగ్గర రెండు వేల వెండి నాణేలు పోగుచేసి, ఆ మృతుల పాపం కొరకు బలి అర్పించమని యెరూషలేముకు పంపాడు. మృతులు తిరిగి లేస్తారనే నమ్మకం లేకపోతే ఇలా ప్రార్థించడం వ్యర్థమయ్యేదని గ్రంథకర్త స్పష్టంగా వ్రాశాడు. ఈ గ్రంథాన్ని దైవప్రేరితంగా ఒప్పుకోనివారు కూడా, క్రీస్తుకు ముందే యూదులలో మృతుల కొరకు ప్రార్థించే ఆచారం ఉండేదనడానికి దీన్ని చరిత్ర సాక్ష్యంగానైనా అంగీకరించాలి.

అందరి బైబిళ్ళలోనూ ఉన్న భాగాల్లో, కట్టినది కాలిపోయినా కట్టినవాడు అగ్నిలో నుంచి తప్పించుకున్నట్లు రక్షణ పొందుతాడని పౌలు వ్రాసిన మాటను (1 కొరింతీ 3:15) శ్రీసభ ఈ సందర్భంలో చదువుతుంది. ఒనేసిఫోరు అనే వ్యక్తికి 'ఆ దినమున' ప్రభువు కనికరం దొరకాలని పౌలు కోరుకుంటాడు (2 తిమోతి 1:18). అతని ఇంటివారిని మాత్రమే విడిగా పలకరించడాన్ని బట్టి అతడు అప్పటికే మరణించి ఉంటాడని చాలామంది వ్యాఖ్యాతలు భావిస్తారు. అది బలమైన ఊహే గాని తిరుగులేని రుజువు కాదు.

ఇది తద్దినం పెట్టడం లాంటిదే కదా?

పోయినవారిని మరచిపోకూడదన్న మమత రెండింటిలోనూ ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడనక్కరలేదు. నమ్మకంలో మాత్రం తేడా ఉంది. తద్దినంలో పితృదేవతలకు పిండం, తర్పణం అందుతాయని భావిస్తారు. దివ్యపూజలో మృతులకు మనం ఏమీ సమర్పించము. క్రీస్తు సిలువ బలిని తండ్రి దేవునికి సమర్పిస్తూ, ఆ మృతుని మీద కనికరం చూపమని వేడుకుంటాము. పెట్టకపోతే పోయినవారు ఆకలితో అలమటిస్తారనో, శపిస్తారనో కతోలిక విశ్వాసంలో లేదు. కొడుకే చేయాలన్న నియమమూ లేదు. కూతురు, కోడలు, మనవరాలు, పొరుగువారు ఎవరైనా పూజ చెప్పించవచ్చు.

## మరణం సంభవించిన రోజుల్లో

ఆదివారం సమాధి చేశాం. ఫాదర్ గారు మృతుల పూజ చేయలేదు. ఎందుకని?

ఆగమన కాలం (క్రిస్మసుకు ముందు), తపస్సు కాలం (ఈస్టరుకు ముందు), పాస్కా (ఈస్టరు) కాలం ఆదివారాల్లో, తప్పక పాటించవలసిన పెద్ద పండుగల్లో, పవిత్ర గురువారం నుంచి పాస్కా వరకు మూడు రోజుల్లో సమాధి సందర్భపు మృతుల పూజ చేయడానికి పూజావిధి అనుమతించదు. ఆ రోజుల్లో వాక్య పఠనం, ప్రార్థనలు, సమాధి ఆశీర్వాదం జరిపి, పూజను మరో రోజుకు పెట్టుకుంటారు. మృతునికి ఏదో లోటు జరిగినట్లు బంధువులు బాధపడనక్కరలేదు, గురువుగారిని తప్పుపట్టనూ అక్కరలేదు.

మూడో రోజు పూజ, పెద్దదినం, సంవత్సరీకం తప్పనిసరిగా చేయాలా? అప్పు చేయాల్సి వస్తోంది.

ఏదీ తప్పనిసరి కాదు. మూడవ, ఏడవ, ముప్పయ్యవ రోజుల్లోనూ సంవత్సరానికీ మృతులను పూజలో తలచుకోవడం రోమను సంప్రదాయంలో చాలా పాతది. ఏటేటా మరణదినాన అర్పణలు చేసే ఆచారాన్ని మూడవ శతాబ్దపు ఆరంభంలోనే క్రైస్తవ రచయిత తెర్తుల్లియను ప్రస్తావించాడు. పదకొండో రోజున పెద్దదినం పెట్టడం మన ప్రాంతపు అలవాటు, దానికి పూజను జోడించుకోవడంలో తప్పు లేదు. కానీ పూజకంటే భోజనాల పందిరి పెద్దదై, వచ్చినవారికి స్టీలు గిన్నెలు పంచకపోతే పరువు పోతుందని వడ్డీకి తెచ్చే పరిస్థితి వస్తే, అక్కడ ప్రార్థన సంగతి వెనకబడిపోయిందనే చెప్పాలి. మృతుల కొరకు శ్రీసభ సిఫారసు చేసే పనుల్లో పూజ, ప్రార్థన, దానధర్మాలు, ప్రాయశ్చిత్తం ఉన్నాయి; విందు ఆ జాబితాలో లేదు. పది మంది పేదలకు అన్నం పెట్టినా, ఒక పిల్లవాడి ఫీజు కట్టినా అది మీ నాన్నగారి పేరిట చేసిన మంచి పనే.

మా హిందూ బంధువులు కాకికి అన్నం పెట్టమంటున్నారు. వాళ్ళ మనసు నొప్పించకుండా ఏం చేయాలి?

అది పితృకార్యంలో భాగం, దానికి దాని నమ్మకం ఉంది. ఆ నమ్మకం లేకుండా మొక్కుబడిగా చేయడం వారి ఆచారానికీ గౌరవం కాదు, మన విశ్వాసానికీ సరిపడదు. 'మా పద్ధతిలో ఆయన కోసం పూజ చెప్పిస్తున్నాం, మీరూ తప్పకుండా రండి' అని పిలవండి. గుడికి వచ్చి వెనక బెంచీలో కూర్చుని, చివరిదాకా కదలకుండా ఉండే హిందూ బంధువులు ప్రతి పూజలోనూ కనిపిస్తారు. ఫోటోకు దండ వేయడం, దీపం పెట్టడం, అగరొత్తులు వెలిగించడం గౌరవ సూచకాలు; వాటికి అభ్యంతరం లేదు.

ఆత్మహత్య చేసుకున్నవారి కొరకు పూజ చెప్పించవచ్చా?

చెప్పించవచ్చు, సమాధి కార్యక్రమం కూడా దేవాలయంలో జరిపించవచ్చు. ప్రాణం మీద అధికారం దేవునిదేనని బోధిస్తూనే, తీవ్రమైన మనోవేదన, భయం, జబ్బు మనిషి బాధ్యతను తగ్గిస్తాయని సత్యోపదేశ గ్రంథం (శ్రీసభ బోధనల అధికారిక సంకలనం) చెబుతుంది. వారి రక్షణ గురించి నిరాశపడవద్దనీ, పశ్చాత్తాపానికి దారి దేవునికి మాత్రమే తెలిసిన విధంగా ఆయన చూపగలడనీ, శ్రీసభ వారి కొరకు ప్రార్థిస్తుందనీ అదే చోట వ్రాసి ఉంది. ఒకప్పుడు ఇటువంటివారిని శ్మశానం గోడ అవతల పూడ్చిన జ్ఞాపకం కొందరు పెద్దలకు ఉంది. నేటి శ్రీసభ చట్టంలో సమాధి కార్యం నిరాకరించవలసినవారి జాబితాలో ఆత్మహత్య చేసుకున్నవారి ప్రస్తావన లేదు. అటువంటి ఇంటికి వెళ్ళి, పోయినవాడు ఎక్కడికి పోయాడో నిర్ణయించి చెప్పే హక్కు ఉపదేశికి (ఊళ్ళో మతబోధ చేసేవారికి) గాని, గురువుకు గాని, బంధువులకు గాని లేదు.

మా ఆయన బాప్టిస్టు. ఆయన కోసం పూజ చెప్పించవచ్చా? మా హిందూ తాతగారి కోసం?

ఇద్దరి కొరకూ చెప్పించవచ్చు. బ్రతికి ఉన్నవారైనా, మరణించినవారైనా, ఎవరి కొరకైనా పూజను అర్పించే స్వేచ్ఛ గురువుకు ఉందని 1983 నాటి శ్రీసభ చట్టం 901వ నిబంధన చెబుతుంది. పూజలో గురువు చెప్పే నాలుగవ స్తోత్రబలి ప్రార్థనలో, ఎవరి విశ్వాసం దేవునికి మాత్రమే తెలుసో అటువంటి మృతులందరినీ కూడా తలచుకుంటారు. మీ వారు బ్రతికి ఉన్నప్పుడు ఇలాంటి పూజలను వ్యతిరేకించి ఉంటే, పదిమందిని పిలిచి ఆయన పేరు చదివించే బదులు, గురువుగారికి చెప్పి నిశ్శబ్దంగా ఆయన ఉద్దేశంతో పూజ పెట్టించుకోవడం మర్యాదగా ఉంటుంది.

పుట్టిన బిడ్డ జ్ఞానస్నానం పొందకముందే పోయింది. ఇక ఆ బిడ్డ గతి ఏమిటి?

చిన్నపిల్లలను నా దగ్గరకు రానివ్వండి అన్న ప్రభువు చేతుల్లోనే శ్రీసభ ఆ బిడ్డను అప్పగిస్తుంది. తల్లిదండ్రులకు జ్ఞానస్నానం ఇప్పించే ఉద్దేశం ఉండి ఉంటే, మేత్రాణుల అనుమతితో సమాధి కార్యక్రమం జరిపించవచ్చు. 'లింబో' (జ్ఞానస్నానం లేని శిశువులు మోక్షానికి చేరక ఉండిపోతారని అనుకున్న స్థితి) అనే మాటను పెద్దల నోట విని తల్లులు కుమిలిపోతుంటారు; అది ఒకనాటి వేదాంతుల ఊహే గాని, విశ్వాస సత్యంగా శ్రీసభ ఎన్నడూ ప్రకటించలేదు.

దహనం చేస్తే ప్రార్థనలు చెల్లవా?

చెల్లుతాయి. క్రైస్తవ విశ్వాసాన్ని తిరస్కరించే ఉద్దేశంతో కాకపోతే దహనానికి 1963 నుంచి అనుమతి ఉంది, అయినా సమాధి చేయడాన్నే శ్రీసభ ఇష్టపడుతుంది. అస్థికలను పెన్నలోనో సముద్రంలోనో కలపకూడదనీ, పవిత్ర స్థలంలో భద్రపరచాలనీ 2016లో రోము ఆదేశించింది.

## పూజ చెప్పించడం, సమాధుల పండుగ

పూజకు డబ్బు ఎందుకు? డబ్బున్నవాళ్ళు తొందరగా మోక్షానికి పోతారా?

పూజకు వెల లేదు. మీరిచ్చేది కానుక, గురువుల పోషణలోనూ శ్రీసభ పనిలోనూ పాలుపంచుకోవడానికి ఇచ్చేది. పేదల విషయంలో కానుక ఏమీ తీసుకోకుండానైనా వారి ఉద్దేశం కొరకు పూజ చేయాలని గురువులకు శ్రీసభ చట్టం గట్టిగా సిఫారసు చేస్తుంది. వ్యాపారం అనే అనుమానానికి కూడా చోటివ్వవద్దంటుంది. ఒక గురువు రోజుకు ఒకటి కంటే ఎక్కువ పూజలు చేసినా ఒక్క కానుక మాత్రమే తన కోసం ఉంచుకోవాలి, మిగిలినవి మేత్రాణులు నిర్ణయించిన అవసరాలకు చేరాలి. విడివిడిగా కానుకలు తీసుకున్నప్పుడు విడివిడిగా పూజలు చేయాలి. అనేకుల పేర్లు ఒకే పూజలో కలిపి చదివేటప్పుడు ఆ సంగతి కానుక ఇచ్చినవారికి ముందే తెలియాలి, వారు ఒప్పుకోవాలి. అందువల్ల ఆఫీసులో పేరు వ్రాయించేటప్పుడు 'ఇది విడి పూజా, అందరితో కలిపినదా' అని అడగడానికి మొహమాటపడవద్దు.

ఇక డబ్బున్నవారి సంగతి. ఎక్కువ పూజలు చెప్పించుకున్నవాడు దేవుణ్ణి తొందరపెట్టగలడని ఎక్కడా బోధన లేదు. ప్రతి పూజలోనూ, ఎవరు చెప్పించినా చెప్పించకపోయినా, మృతులందరి కొరకు ప్రార్థన ఉంటుంది. పేరు వ్రాయించే స్తోమత లేని ముసలమ్మ భర్త కూడా ఆ ప్రార్థనలో ఉన్నాడు.

నాన్న పోయి ఇరవై ఏళ్ళయింది. ఇంకా పూజ చెప్పించాలా?

చెప్పించవచ్చు, దానికి గడువు లేదు. ఆయన ఇప్పటికే మోక్షంలో ఉంటే ఆ ప్రార్థన వృథా పోదు. అవసరమున్న మరొకరికి దాని ఫలం అందించడం దేవునికి తెలుసు. కొడుకు అగస్టీను దగ్గరుండగా 387లో ఓస్తియా రేవులో కన్నుమూస్తూ పునీత మోనికమ్మ, తన శరీరాన్ని ఎక్కడ పూడ్చినా చింత లేదనీ, ప్రభువు పీఠం దగ్గర మాత్రం తనను తలచుకోమనీ కోరింది. ఆమెకు స్వదేశంలో భర్త పక్కన సమాధి సిద్ధంగా ఉంది, అక్కడికి చేరాలన్న కోరిక కూడా అంతకుముందు ఉండేది. ఉద్యోగాల కోసం ఊరు విడిచి, అమ్మానాన్నల సమాధులకు దూరంగా ఉంటున్నవారు ఆమె మాటను గుర్తుపెట్టుకోవచ్చు.

వరసగా ముప్పై పూజలు చెప్పిస్తే ఆత్మ విడుదల ఖాయమంటారు, నిజమేనా?

ఖాయం అన్న మాట శ్రీసభది కాదు. మహా గ్రెగోరీ పోపుగారు తన మఠంలో మూడు బంగారు నాణేలు దాచుకుని మరణించిన ఒక సన్యాసి కొరకు ముప్పై రోజులు వరసగా పూజలు చేయించిన వృత్తాంతం నుంచి ఈ ఆచారం పుట్టింది. ఇది మంచి భక్తి ఆచారం. మన విచారణల్లో ముప్పై రోజులూ ఒకే ఉద్దేశం పెట్టడానికి వీలుపడకపోవచ్చు, అందువల్ల ఎవరి ఆత్మా ఆగిపోదు.

సమాధుల పండుగ నవంబరు 2నే ఎందుకు? ఆ రోజు అసలు ఏం చేయాలి?

క్లూనీ మఠాధిపతి పునీత ఓడిలో దాదాపు 998 ప్రాంతంలో తన మఠాలన్నిటిలోనూ, సకల పునీతుల పండుగ మరునాడు మృతులందరినీ స్మరించాలని నియమించాడు. ఆ ఆచారం క్రమంగా శ్రీసభ అంతటా వ్యాపించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కుప్పలుగా పడిన శవాలను తలచుకుని 1915లో పదిహేనవ బెనెడిక్టు పోపుగారు ఆ రోజున ప్రతి గురువూ మూడు పూజలు చేయడానికి అనుమతించారు.

మన జిల్లాల్లో అది ఈశాన్య రుతుపవనాల కాలం. వారం ముందే వెళ్ళి గడ్డి పీకి, సమాధికి సున్నం కొట్టి, పలక మీద చెరిగిపోయిన పేరును నల్ల రంగుతో దిద్దించి వస్తారు. ఆ రోజు చేమంతి రేకులు చల్లి కొవ్వొత్తి వెలిగించేసరికి గాలి మొదలవుతుంది; కొబ్బరి చిప్పను అడ్డుపెట్టి, అది ఆరిపోకముందే గురువుగారు పవిత్ర జలం చల్లుకుంటూ తమ వరసకు రావాలని ఎదురుచూస్తుంటారు. ఇదంతా చక్కని ఆచారం. అయితే కొవ్వొత్తి కంటే ముఖ్యమైనది ఒకటుంది. నవంబరు 1 నుంచి 8 వరకు ఏ రోజైనా శ్మశానాన్ని దర్శించి, మనసులోనైనా సరే, మృతుల కొరకు ప్రార్థిస్తే వారికి మాత్రమే వర్తించే పరిపూర్ణ దండవిమోచనం (క్షమించిన పాపానికి మిగిలిన శిక్ష నుంచి విడుదల) పొందవచ్చు. నియమాలు: పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), దివ్యసత్ప్రసాద స్వీకారం (పూజలో క్రీస్తు శరీరాన్ని అందుకోవడం), పోపుగారి ఉద్దేశాల కొరకు ప్రార్థన, ఏ పాపం మీదా మమకారం లేకపోవడం. పాపసంకీర్తనం ఆ రోజే చేయాలని లేదు, ముందూ వెనకా దాదాపు ఇరవై రోజుల లోపు చేసినా చాలు. రోజుకు ఒక్కసారే ఇది లభిస్తుంది. నవంబరు 2న దేవాలయాన్ని దర్శించి పరలోక జపం, విశ్వాస సంగ్రహం చెప్పినవారికి కూడా ఇదే ఫలం ఉంది.

నేను బెంగుళూరులో ఉంటాను, కావలికి రాలేను. మా వాళ్ళ సమాధి దగ్గరికే వెళ్ళాలా?

అవసరం లేదు. మీరున్న ఊళ్ళోని శ్మశానానికి వెళ్ళి మీ వారి కొరకు ప్రార్థించినా సరిపోతుంది. అక్కడ ఎవరూ రాని సమాధి కనిపిస్తే, వారి కొరకు కూడా ఒక జపం చెప్పండి.

చనిపోయిన అమ్మ పదేపదే కలలో కనిపిస్తోంది. ఆకలి అంటోంది. ఏదైనా చేయాలా?

దుఃఖంలో ఉన్నవారికి ఇటువంటి కలలు సహజం. దానిని అమ్మ పంపిన కబురుగా తీసుకోనక్కరలేదు, భయపడనూ అక్కరలేదు. ఆ కల మిమ్మల్ని ఆమె కొరకు ప్రార్థించడానికి కదిలిస్తే ప్రార్థించండి, ఆకలిగొన్న ఒకరికి అన్నం పెట్టండి. కలకు అర్థం చెబుతామని, గాలి పట్టిందని, ఆత్మను పిలిపించి మాట్లాడిస్తామని వచ్చేవారి దగ్గరికి మాత్రం వెళ్ళవద్దు; వారిలో ప్రార్థన చేసేవారమని చెప్పుకొనేవారు కూడా ఉంటారు.

## పునీతులను వేడుకోవడం

దేవునికీ మనుషులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే కదా? ఇక మరియమ్మ, అంతోనివారు ఎందుకు?

అవును, ఒక్కడే (1 తిమోతి 2:5). ఆ వచనానికి నాలుగు వచనాల ముందే, అందరి కొరకూ విజ్ఞాపనలు చేయమని పౌలు ఆజ్ఞాపిస్తాడు. ఒకరి కొరకు ఒకరు ప్రార్థించడం క్రీస్తు మధ్యవర్తిత్వానికి పోటీ అయితే, 'పాస్టరు గారూ, మా అబ్బాయి ఇంటర్వ్యూ కోసం ప్రార్థన చేయండి' అని కోరడం కూడా తప్పే కావాలి. ఎవరూ దాన్ని తప్పు అనరు. క్రీస్తు తండ్రితో మనలను సమాధానపరచిన మధ్యవర్తి. పునీతులు ఆయన ద్వారానే, ఆయనలోనే మన కొరకు ప్రార్థించే సోదరులు. ట్రెంటు మహాసభ కూడా పునీతుల ప్రార్థనను వివరిస్తూ, ఏకైక విమోచకుడూ రక్షకుడూ అయిన క్రీస్తు ద్వారా దేవుని మేళ్ళు పొందడానికే అని వ్రాసింది.

మన జపాల్లోని మాటలను గమనిస్తే ఇది తేలికగా బోధపడుతుంది. పునీతుల ప్రార్థనలో క్రీస్తు ప్రభువుతో 'మా మీద దయగా ఉండండి' అంటాము, పునీతులతో 'మా కొరకు ప్రార్థించండి' అంటాము. మంగళవార్త జపం చివర మరియమ్మను అడిగేది కూడా ఇప్పుడూ మరణ సమయంలోనూ మా కొరకు ప్రార్థించమనే. దయ చూపేవాడు దేవుడు; అడిగిపెట్టేవారు పునీతులు.

చనిపోయినవారిని సంప్రదించకూడదని ద్వితీయోపదేశకాండంలో ఉంది. పునీతులకు ప్రార్థించడం అదే కాదా?

ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం నిషేధించినది సోదె, కర్ణపిశాచి, మృతులను లేపి రహస్యాలు అడగడం. ఏన్దోరులో సౌలు చేసినది ఆ పనే: దేవుడు జవాబివ్వలేదని, యుద్ధం సంగతి తెలుసుకోవడానికి సమూయేలును రప్పించమన్నాడు. పునీతుల నుంచి ఎవరూ రహస్య సమాచారం కోరరు, వారిని రప్పించరు, జవాబు వినాలని చెవి పెట్టి కూర్చోరు. దేవుని ఎదుట మనవి చేయమని కోరతారు, అంతే. ప్రభువు రూపాంతరం చెందినప్పుడు మోషే, ఏలీయా ఆయనతో మాట్లాడారు. అబ్రాహాము దేవుడు మృతుల దేవుడు కాడు, సజీవుల దేవుడు అని కూడా ఆయనే చెప్పాడు.

ఒకేసారి ఇన్ని లక్షల మంది అడిగితే పునీతులకు ఎలా వినిపిస్తుంది?

వారికి సహజంగా అంతటి శక్తి లేదు, వారు సర్వజ్ఞులు కారు. దేవుని ముఖాన్ని దర్శిస్తున్నవారికి, తమను ఉద్దేశించి చేసిన ప్రార్థనలను దేవుడే తెలియజేస్తాడని పునీత తోమాసు అక్వినాసు వివరించాడు. పాపి ఒకడు పశ్చాత్తాపపడితే పరలోకంలో సంతోషం కలుగుతుందని ప్రభువు అన్నాడు (లూకా 15:7); కాబట్టి ఇక్కడి సంగతులు అక్కడ తెలుస్తూనే ఉన్నాయి. దర్శన గ్రంథం 5:8లో ఇరవైనలుగురు పెద్దలు ధూపంతో నిండిన బంగారు పాత్రలు పట్టుకుని ఉంటారు. ఆ ధూపం భక్తుల ప్రార్థనలేనని అక్కడే వ్రాసి ఉంది.

నేరుగా దేవుణ్ణే అడగవచ్చు కదా?

అడగవచ్చు, అడగాలి కూడా. శ్రీసభ పూజలో చేసే ప్రార్థనల్లో దాదాపు అన్నీ నేరుగా తండ్రి దేవునికి చేసేవే. పునీతులను వేడుకోవడం మంచిదీ ఉపయోగకరమైనదీ అని ట్రెంటు మహాసభ అన్నది గాని, చేయకపోతే పాపమని అనలేదు. నవదినాలన్నీ (తొమ్మిది రోజుల జపాలన్నీ) తప్పకుండా చేస్తూ, ఆదివారం పూజకు మాత్రం చివర్లో వచ్చి గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయేవారు ఉన్నారు. వారికి ఈ వరస తారుమారైందని చెప్పక తప్పదు.

మా అమ్మమ్మ మహా భక్తురాలు. ఆమెను మా కోసం ప్రార్థించమని అడగవచ్చా?

ఇంట్లో, మీ మనసులో అడగవచ్చు. మన ప్రార్థన మృతులకు సహాయపడటమే కాక, వారు మన కొరకు చేసే మనవి కూడా ఫలించేలా చేయగలదని సత్యోపదేశ గ్రంథం చెబుతుంది. అయితే బహిరంగంగా, దేవాలయంలో పీఠం మీద గౌరవించేది శ్రీసభ ధన్యులుగా (పునీతులకు ముందు మెట్టు), పునీతులుగా ప్రకటించినవారిని మాత్రమే. ఆ ప్రకటనకు ముందు దీర్ఘమైన పరిశీలన ఉంటుంది. వేదసాక్షులు (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారు) కానివారిని ధన్యులుగా ప్రకటించడానికి వారి ప్రార్థన ద్వారా జరిగిన ఒక అద్భుతం, పునీతులుగా ప్రకటించడానికి మరొకటి రుజువు కావాలి. కన్యాకుమారి ప్రాంతానికి చెందిన గృహస్థుడు, వేదసాక్షి దేవసహాయం 2022 మే 15న పునీతుడయ్యాడు.

ఒక తేడాను మాత్రం మరువవద్దు: పునీతుడిగా ప్రకటించినవారి కొరకు మనం ప్రార్థించము, వారి ప్రార్థనను కోరతాము. వేదసాక్షి కొరకు ప్రార్థించడం ఆయనను అవమానించడమేనని పునీత అగస్టీను అన్నాడు. మీ అమ్మమ్మ సంగతి అలా కాదు. ఆమె ప్రార్థనను కోరుతూనే ఆమె పేరిట పూజ చెప్పించడం మానవద్దు.

పిల్లవాడికి నయమైతే గుణదలలో తలనీలాలిస్తామని మొక్కుకున్నాం. మొక్కు తీర్చకపోతే మరియమ్మకు కోపం వస్తుందా?

శ్రీసభ బోధన ప్రకారం మొక్కు దేవునికి చేసిన వాగ్దానం. పునీతుల గౌరవార్థం చేసినా అది ఆయనకే చెందుతుంది. స్వేచ్ఛగా, ఆలోచించి చేసిన వాగ్దానాన్ని నెరవేర్చాలి. అనారోగ్యం వల్లనో పేదరికం వల్లనో వీలుకాకపోతే, గురువుగారితో మాట్లాడి మరో మంచి పనిగా మార్చుకోవడానికి మార్గముంది. తల్లి పగబట్టి బిడ్డకు కీడు చేస్తుందన్న భయం క్రైస్తవ విశ్వాసం కాదు. కానాలో పెళ్ళివారు అడగకముందే వారి లోటును కొడుకు చెవిన వేసిన తల్లి ఆమె.

పునీత యూదాగారి జపాన్ని తొమ్మిది మందికి వాట్సాప్‌లో పంపకపోతే కీడు జరుగుతుందట?

జరగదు. డిలీట్ చేయండి.

పోయిన వస్తువుకు అంతోనివారు, మంచి మరణానికి జోజప్పగారు అని ఈ పంపకం ఎవరు చేశారు?

ఎవరూ కూర్చుని పంచలేదు. వారి జీవితాల నుంచి భక్తులు అల్లుకున్నవి. 1231లో పాదువలో మరణించి, ఏడాది తిరగకముందే పునీతుడైన అంతోనివారి కీర్తనల గ్రంథాన్ని ఒక శిష్యుడు ఎత్తుకుపోయి, తిరిగి తెచ్చాడన్నది సంప్రదాయ కథ. మరియమ్మ భర్త జోజప్పగారు (యోసేపు) యేసు, మరియమ్మల మధ్య కన్నుమూశారన్న నమ్మకం వల్ల ఆయనను మంచి మరణానికి పాలకులుగా భావిస్తారు. నెల్లూరు మేత్రాసన ప్రధాన దేవాలయం ఆయన పేరిటే ఉంది. ఏ పునీతుణ్ణి ఏ అవసరానికైనా వేడుకోవచ్చు.

## ఇంట్లో రెండు సంప్రదాయాలు ఉన్నప్పుడు

మా అత్తగారివాళ్ళు బాప్టిస్టులు. మామగారి సంవత్సరీకానికి వాళ్ళు కూడిక పెడతామంటున్నారు, నేను పూజ అంటున్నాను. ఎలా?

రెండూ పెట్టుకోవచ్చు. ఉదయం విచారణ గుడిలో ఆయన ఉద్దేశంతో పూజ చెప్పించుకోండి, సాయంత్రం ఇంట్లో జరిగే కూడికకు వెళ్ళి పాటల్లోనూ వాక్యంలోనూ పాలుపంచుకోండి. వారిని పూజకు ఆహ్వానించండి గాని బలవంతం చేయవద్దు. కతోలికులు కానివారు దివ్యసత్ప్రసాదం స్వీకరించరన్న సంగతిని గుడి మెట్ల మీద కాక, ముందు రోజే నెమ్మదిగా చెప్పడం మంచిది. కూడికలో ఎవరైనా మృతుల కొరకు ప్రార్థన తప్పని మాట్లాడితే, ఆ చావు ఇంట వాదనకు దిగవద్దు. అడిగితే మాత్రం మీ నమ్మకాన్ని నాలుగు మాటల్లో చెప్పండి. మీరు అందరితో కలిసి చదవదగిన వాక్యం సూచించమంటే, అగాధంలో నుంచి దేవునికి మొరపెట్టే 130వ కీర్తనను సూచించండి. మృతుల ప్రార్థనల్లో శ్రీసభ శతాబ్దాలుగా చెప్పుకుంటున్న కీర్తన అది, వారి బైబిలులోనూ ఉంది.